సున్నా బైట్లు

ఉప్పునీట్లో ఊరుతున్న దోసకాయల సీసాల పక్కన
పై అరలో ఉంటుంది నా సర్వర్.
విల్యాండి బడివాళ్లు పాత సామాను వదిలించుకుంటుంటే
ఇరవై యూరోలకు తెచ్చుకున్న ల్యాప్‌టాప్.
తెర పగిలింది. మూత ఊడదీసి పారేశాను.
"ఏడో తరగతి, భౌతికశాస్త్రం" అన్న చీటీ మాత్రం
ఎంత గోకినా రాలేదు. సరే, ఉండనీ అన్నాను.

రాత్రంతా బేకరీలో రై రొట్టెలు కాల్చి
తెల్లారి ఇంటికొచ్చి, బూట్లైనా విప్పకుండా
ముందు లాగ్ చూస్తాను.
రూట్, అడ్మిన్, గెస్ట్, టెస్ట్...
ఏ దేశాల నుంచో పిలవని పేరంటానికొచ్చి
రాత్రికి నాలుగు వేలసార్లు తలుపు తట్టిపోతారు.
నా ఇంట్లో ఏముందని?
కొన్ని కేకుల కొలతలు,
నేలమాళిగలో బంగాళాదుంపలు గడ్డకట్టబోతే
కుయ్యిమనే బుల్లి ప్రోగ్రాం,
ఇంకా, హెల్దుర్ మంచు.

పక్కింటి హెల్దుర్‌కి ఎనభై మూడు.
సరస్సు గడ్డకట్టిన రోజు, మళ్లీ విచ్చుకున్న రోజు
యాభై ఎనిమిదేళ్లుగా రాసిపెట్టాడు
గళ్ల నోటుపుస్తకాల్లో, పొట్టి పెన్సిల్‌తో.
ఒక చలికాలమంతా కూర్చుని ఎక్కించాను.
ఏడాదికేడాది మంచు ఎలా కురచవుతోందో
నీలం గీతలో చూపించే ప్రోగ్రాం రాశాను.
ఎవరూ నేర్పలేదు నాకు,
తప్పు చేసి, తిట్టుకుని, మళ్లీ చేసి పట్టుబడిన విద్య.
ఆయన చేతులు వెనక్కి కట్టుకుని గీతను చూసి
"ఇదంతా నేను చూశానా!" అన్నాడు.

జనవరి తుఫానులో కరెంటు పోయింది.
వచ్చింది. మళ్లీ పోయింది.
మూడోసారి వచ్చేసరికి డిస్కు
నిద్రలో పళ్లు కొరికే పిల్లాడిలా టిక్కు టిక్కుమంటోంది.
కంగారు పడలేదు నేను. బ్యాకప్ ఉందిగా.
రోజూ రాత్రి రెండింటికి,
నేను పిండి పిసికే వేళకి, దానంతటదే.

ఫైళ్లున్నాయి. వరసగా, తేదీలతో, ముచ్చటగా.
ఒక్కోటీ సున్నా బైట్లు.

మేలో ఫోల్డర్ పేరు మార్చాను.
పేరు మధ్యలో ఒక ఖాళీ జాగా.
దానికి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టలేదు.
అంతే.
ఎనిమిది నెలలు నా ప్రోగ్రాం
ఖాళీ బుట్ట మోసుకెళ్లి, దించి,
"పని పూర్తయింది" అని రాసింది.
అబద్ధమాడలేదు.
నేనే ఏనాడూ బుట్టలోకి తొంగి చూడలేదు.

మోకాలి లోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్లి
"ఆ పుస్తకాలివ్వండి, మళ్లీ ఎక్కిస్తా" అన్నాను.
హెల్దుర్ పొయ్యి వైపు చూశాడు.
"నీ మెషీన్లో ఉన్నాయి కదా అని..."
చెమ్మపట్టి రాజుకోనివి రెండు మిగిలాయి.
కాఫీ పెట్టాడు. తిట్టలేదు.
తిడితే బాగుండేది.

వారానికి తనే వచ్చాడు, సంచిలో ఆపిళ్లతో.
కుర్చీ లాక్కుని "రాసుకో ఊర్వే" అన్నాడు.

అరవై ఎనిమిది. తారీకు గుర్తులేదు.
పాలబండి గుర్రం కాలు మంచులో దిగబడింది.
వీధి వీధంతా తాడు పట్టి లాగింది.

డెబ్బై ఒకటి. మైమూకి నెలలు నిండాయి.
ఒడ్డు దాటి అడుగెయ్యనివ్వలేదు నన్ను.
ఆ ఏడు మంచు నల్లగా, అద్దంలా.
అడుగున చేపలు కనిపించాయి.

తొంభై రెండు...
ఆగి, ఆపిల్ తొడిమ తిప్పుతూ కూర్చున్నాడు.
ఆ ఏడు చూడలేదు నేను. ఆస్పత్రిలో ఉన్నాం.
అంకె ఊరికే వేశాను.

ఆ అంకెకీ నేను గీత గీశాను కదా,
నీలం రంగులో, నమ్మకంగా.

ప్రోగ్రాం ఒప్పుకోలేదు. అంకె కావాలంది.
రెండు రాత్రులు కూర్చుని మార్చాను:
తేదీ గడి ఖాళీగా ఉండొచ్చు.
పక్క గడి ఎంత పొడవైనా సాగొచ్చు.

బ్యాకప్ ఇప్పుడు మూడు చోట్ల.
ఒకటి హెల్దుర్ ఇంట్లో, నోటుపుస్తకాలు ఖాళీ చేసిన అరలో,
అరచేతంత పెట్టె.
వెచ్చగా ఉందని పిల్లి దానిమీదే పడుకుంటోందట.
వెంట్రుకలు పోతాయంటే వినడు.

ప్రతి ఆదివారం ఏదో ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరుస్తాను.
నిన్న డెబ్బై ఒకటి.
అడుగున చేపలున్నాయి.