టికెట్టు కిటికీ, ట్రియెస్తే

ఏముంది మీ ఊళ్ళో చూడ్డానికి, అని
మడత విప్పిన మ్యాపు గాలికి కొట్టుకుంటుంటే
కిటికీలోంచి అడుగుతారు.
నేను టికెట్లు చింపేదాన్ని, గైడుని కాను.
అయినా అడిగారు కనక:

నాలుగో గోడ కట్టడం మరిచిపోయిన
పెద్ద హాలు లాంటి చౌకు ఒకటుంది.
మూడు వైపులా మేడలు, నాలుగో వైపు నీళ్ళు.
వాన వెలిశాక వెళ్ళండి,
దీపాలు రాతిపలకల్లోకి దిగే వేళ.

దాని పక్కనే ఒక రాతి వంతెన.
అవతలి ఒడ్డు లేదు.
సముద్రంలోకి పావు కిలోమీటరు నడిచి
నడిచిందంతా వెనక్కి నడవాలి, అంతే.
దానికే ఊరంతా పోతుంది.
ప్రేమ చెప్పేవాళ్ళు పోయేటప్పుడు చెబుతారు.
తెగతెంపులవాళ్ళు వచ్చేటప్పుడు.

కాఫీ దగ్గర జాగ్రత్త.
మామూలుది కావాలంటే 'నేరో' అనాలి,
పాలచుక్క పడాలంటే 'కాపో',
అదే గాజుగ్లాసులో అయితే 'కాపో ఇన్ బి'.
తప్పు పేరు చెప్పినా ఇస్తారు,
కానీ ఎంత మర్యాదగా ఇస్తారంటే
మీరు పరాయివాళ్ళని మీకే తెలిసిపోతుంది.

తెల్లకోట ఉంది, రాతికొమ్ము మీద.
కట్టించుకున్నవాడు నిండా కాపురం చెయ్యలేదు.
ఊరి చివర పాత బియ్యం మిల్లు ఉంది.
యుద్ధంలో బియ్యం బదులు మనుషుల్ని తెచ్చారక్కడికి.
వెళ్తే, ఆ రోజు ఇంకెక్కడికీ వెళ్ళకండి.

బోరా గాలికి మాత్రం టికెట్టు లేదు.
దానికి బుద్ధి పుట్టిన రోజున
చెత్తడబ్బాలు వీధి వాలులో
బస్సు తప్పిపోతున్న పెళ్ళివారిలా పరిగెడతాయి.
మా అమ్మ నా సంచీలో
రెండు ఇస్త్రీపెట్టెలు పెట్టి బడికి పంపేది.
అబద్ధం కాదు.
సరే, ఒకటే.

ఇక ఇది, మా స్నానాల రేవు.
గులకరాళ్ళు, ఎండ, నడుమన
నీళ్ళలోకి దిగిపోయిన తెల్లగోడ.
ఆడవాళ్ళూ పిల్లలూ ఇటు, మగవాళ్ళు అటు.
చక్రవర్తి జెండా పోయింది, తర్వాతవీ పోయాయి,
గోడ పోలేదు.
పడగొడతామని ఎవరైనా అంటే
ముందు లేచేది ఆడవాళ్ళమే.
పొట్ట లోపలికి పీల్చుకోకుండా పడుకోవడానికి
ఈ ఊళ్ళో ఇంకో చోటేదీ?

నివేస్, దుయీలియో పదింటికి వస్తారు.
ఒకే బస్సు, వేర్వేరు సీట్లు, వేర్వేరు టికెట్లు.
ఇంట్లో పదకొండేళ్ళుగా మాటల్లేవు.
ఎందుకో ఊరంతటికీ తెలుసు,
ఒక్కొక్కరికి ఒక్కో రకంగా.
పన్నెండున్నరకు ఆవిడ గోడకు వీపు ఆనించి
గాలినడుగుతుంది, "మాత్ర వేసుకున్నావా?"
"వేసుకున్నా," అంటుంది గోడ.
"నీలందా?"
గోడ కాసేపు ఆలోచిస్తుంది.
"ఇప్పుడు వేసుకుంటా."

గోడకు చెప్పుకున్నట్టే అని విసుక్కునేవాళ్ళు
ఎప్పుడూ ఇటు రాలేదనుకుంటా.

కిందటి ఆగస్టులో ఒకనాడు గోడ పలకలేదు.
ఆవిడ రెండోసారి అడిగింది.
మూడోసారి పేరు పెట్టి పిలిచింది.
పదకొండేళ్ళలో ఆ పేరు ఆ నోట అదే మొదలు.
ఆడవాళ్ళంతా లేచి కూర్చున్నారు.
టోపీ అయినా తియ్యకుండా ఆవిడ నీళ్ళలోకి దిగి,
నడుము దాకా, ఛాతీ దాకా,
గోడ అయిపోయేచోట
మలుపు తిరిగింది.

రెండు వైపులూ కనిపించేది నా కిటికీకే.
ఈల మెడలోనే ఉంది, నోట్లో పెట్టుకున్నాను కూడా.
ఊదలేదు.

ముఖమ్మీద పేపరు కప్పుకుని
గురకపెడుతున్నాడు మహానుభావుడు.
ఆవిడ నిలబడి, పేపరు లేచి పడడం
నాలుగుసార్లు లెక్కపెట్టుకుంది.
వంగి, ఒక తడి గులకరాయి ఏరి
ఆ పొట్ట మీద పెట్టి
వచ్చిన దారినే పోయింది.
మగవాళ్ళెవరూ నోరు విప్పలేదు.
అంత పెద్ద రహస్యం వాళ్ళ దగ్గర ఆగుతుందని
నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడు మళ్ళీ అదే బస్సు, వేర్వేరు సీట్లు.
ఏదో మారిపోయిందని చెప్పను.
కాకపోతే ఆయన జేబులోంచి నాణెం తీసినప్పుడల్లా
ఆ రాయి కూడా బయటికొస్తుంది.
నాణెం నాకిచ్చి
రాయి లోపల పెట్టుకుంటాడు.

మీరిద్దరా?
ఆవిడ ఇటు, మీరు అటు.
చిల్లర ఉందా?