మోచేతులతో

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు.
తెల్లారి ఐదున్నరకి షేరాటో దింపేస్తుంది మమ్మల్ని,
పదకొండు మందిమి,
ముక్కులకి పాత చీరముక్కలు కట్టుకుని.
తేజా కాయకి కిలోకింత, బాడిగకి ఇంకో లెక్క.
తొడిమ తుంచడం, తాలు పక్కకేయడం,
మళ్ళీ తుంచడం.

తొమ్మిదయ్యేసరికి వేళ్ళు నావి కావు.

పోయిన శుక్రవారం కొత్త కాటాకి పూజ చేయించాడు మేస్త్రి.
కాగితంలో పులిహోర పెట్టి
"కళ్ళకద్దుకో సామ్రాజ్యం" అన్నాడు.
ఈ చేతులు కళ్ళకద్దుకుంటే
సాయంత్రందాకా లోకం కనపడదు నాయనా.
కాగితంతోనే నోట్లో ఒంపుకున్నాను.

పదహారేళ్ళుగా దేన్నీ కళ్ళకద్దుకోలేదు నేను,
కాలికి తగిలిన పుస్తకాన్ని గాని,
శనివారం చేతిలో పడ్డ కూలి నోటుని గాని,
ఉరుసు నుంచి మస్తాన్‌బీ తెచ్చిచ్చిన దారాన్ని గాని.
భక్తి లేని మనిషంటుంది మా అత్త.
ఆడబిడ్డేమో ఆదివారం మందిరానికి రమ్మంటుంది.
వెళ్ళాను రెండుసార్లు. పాటలు బాగున్నాయి.
తర్వాత ఆయన నరకంలో మంట గురించి చెబుతుంటే
నా వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను.

పిల్లాడు పుట్టిన నాలుగో నెలకే మళ్ళీ పన్లోకొచ్చాను.
ఆముదం రాసినా, పుల్లమజ్జిగలో ముంచినా
ఘాటు పోదు,
గోళ్ళ కింద దాక్కుంటుంది.
ఒకసారి మర్చిపోయి బుగ్గ నిమిరాను.
వాడి ఏడుపు నల్లపాడు దాకా వినపడి ఉంటుంది.
ఆ రోజు నుంచి మోచేతులతోనే ఎత్తుకున్నాను వాణ్ణి.
పది వేళ్ళూ గాల్లో విప్పి పట్టుకుని,
మోచేతి మడతల్లో మోసుకుంటూ,
మణికట్టుతో జోకొడుతూ.
అమ్మ అరచెయ్యి ఎట్లుంటుందో
వాడికి చాన్నాళ్ళు తెలీదు.

ఒక రాత్రి కరెంటు పోయింది.
వాణ్ణట్లాగే ఒళ్ళో వేసుకుని వాకిట్లో కూర్చున్నాను.
ఆకు కదలడం లేదు.
ఎందుకో అనిపించింది:
మనల్ని చేసినవాళ్ళెవరో, ఉంటే గింటే,
వాళ్ళ చేతులకీ ఇంతే ఘాటు అంటుకుందేమో.
ఎన్ని సూర్యుళ్ళ తొడిమలు తుంచారో,
తాలు లోకాలు ఎన్ని పక్కకేశారో.
అందుకే ముట్టుకోరు.
అందుకే ఎంత ఏడ్చినా చెయ్యందించరు.
మోచేతులతో పట్టుకునే ఉన్నారేమో,
మనమేమో వేళ్ళకోసం తడుముకుంటున్నాం.

ఇది ఎవరికీ చెప్పలేదు.
చెబితే దానికొక పేరు పెడతారు,
చందా పుస్తకం అచ్చేయిస్తారు.

మధ్యాహ్నం లారీ వచ్చినప్పుడు
స్టోరేజీ పెద్ద తలుపు తీస్తారు.
చలి నేలమీద పాక్కుంటూ షెడ్డుదాకా వస్తుంది.
ఎవరం ఎవర్నీ చూడం,
పదకొండు మందిమీ చేతులు అటు చాపుతాం.
మస్తాన్‌బీ పెదాలు కదులుతాయి.
నావి కదలవు.
లోడెక్కిందాకానే అదంతా. తర్వాత తలుపు మూస్తారు,
మళ్ళీ కాయ.

వాడికిప్పుడు పదిహేనేళ్ళు.
బజార్లో నా పక్కన నడవడానికే సిగ్గు.
నిన్న సాయంత్రం రోడ్డు దాటుతుంటే,
బస్తాల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ మీదికొస్తుంటే,
వెనక నుంచి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

లారీ పోయింది.
ఎర్ర దుమ్ము లేచి, ఇద్దరం తుమ్ముతున్నాం.
ఇంకా వదల్లేదు వాడు.