బెల్లం పూత

పంది తొడ
మా సుగుణమ్మత్త గిన్నెల దేంట్లనూ పట్టలె.
బేకరీ ఖాజా సాబ్ తల గోక్కున్నడు:
"మా బట్టీల అది పెట్టరాదమ్మా, ఏమనుకోకు."
అనుకోలె.
పాత నూనె డబ్బా అడ్డంగ కోపిచ్చింది.
కింద నిప్పులు, మీద నిప్పులు,
నడుమ రెండు రాత్రులు ఉప్పు తాగిన మాంసం.

జడ్చర్లల దొరసానికి వండినప్పుడు
తేనె రాసేదట.
ఇప్పుడు బెల్లం పాకం, చింతపులుసు,
నాలుగు లవంగాలు,
కుంచెకు కోడి ఈక.

పూసినప్పుడల్ల సుయ్యిమంటది.
గల్లీ కుక్కలు గేటుకాడ
ప్రార్థనకొచ్చినట్టు కూసున్నయి.
క్యారల్స్ పోరగాండ్లు
రెండో చరణం మర్చిపోయిండ్రు.

ఒక దిక్కు మాడింది.
ఆ మాడిందే అత్త తీసుకుంది,
నమిలి, కండ్లు మూసి:

"ఈ ముక్క దొరసానికి ఎన్నడు పెట్టలె.
వంటింట్ల నిలవడి
నేనే తినేది."