నలభై మూడో పన్ను

కుక్క నోట్లో నలభై రెండు పళ్ళు.
నలభై మూడో పన్ను
మా మునిసిపాలిటీది.

ఎల్బే ఒడ్డున ఈ చిన్న ఊళ్ళో
మొదటి కుక్కకి ఏడాదికి తొంభై ఆరు యూరోలు,
రెండోదానికి అంతకు రెట్టింపు.
ఒంటరిదానికి తోడు తెస్తే జరిమానా అన్నమాట.
చట్టం జాబితాలో ఉన్న జాతి అయితే
ఆరు వందలు, మూతికి బుట్ట, యజమానికి పరీక్ష.
చూపులేనివాళ్ళకి దారి చూపేదానికి సున్నా.
పిల్లికి పన్ను లేదు. పిల్లిని ఎవరు లెక్కపెట్టగలరు?
ఆపైన బీమా, టీకాలు,
మెడ తోలు కింద బియ్యపుగింజంత చిప్,
వీధిలో దాని వెనకే నడిచే ఒక నల్ల సంచీ.

నేను లెక్కల మనిషిని. మూడు నెలల కొలువు.
మెళ్ళో కార్డు, చేతిలో పలక లాంటి యంత్రం.
గంట కొట్టడం, తలుపుకి చెవి ఆనించడం.
మొరిగితే ఒకటి.
రెండు గొంతులైతే రెండు.
గంట మోగగానే లోపల టీవీ హఠాత్తుగా పెద్దదైతే
అదీ ఒక జవాబే.

బేకరీ పైన ఉండే ఫ్రౌ ట్సిష్కె
"కుక్కా? మా ఇంట్లోనా?" అని చేతులు తిప్పుతుంటే
ఆవిడ గౌను వెనకనుంచి ఒక తోక
నేల ఊడుస్తూ నిజం చెప్పేసింది.
వీధి చివరి కుర్రాడు
తనది కుక్క కాదు, అతిథి అన్నాడు.
రెండేళ్ళుగా అతిథి.
రాసుకున్నాను. నవ్వలేదు.
నవ్వడానికి గంటకి పధ్నాలుగు యూరోలు చాలవు.

ఇటుకబట్టీ వీధి, పదిహేడో నంబరు, మూడో అంతస్తు.
ఎగ్బర్ట్ నోట్‌నాగెల్. ఒకప్పుడు రేవులో క్రేను నడిపినవాడు.
యంత్రం చెప్పింది: కుక్క ఒకటి, ఆడది, పేరు ట్రుడె,
బకాయి లేదు, ఒక్కసారీ గడువు దాటలేదు.
గంట కొట్టాను. చెవి ఆనించాను.
గోళ్ళ చప్పుడు లేదు.
ఆయన తలుపు తీసి, నా కార్డు మొత్తం చదివి,
పక్కకి తప్పుకున్నాడు, తప్పు చేసినవాడిలా.

వంటింటి గోడకి తోలుపట్టా.
గిన్నె బోర్లించి ఉంది, మీద దుమ్ము లేదు.
"కుక్క ఏదండీ?"
"నాలుగేళ్ళయింది.
మూత్రపిండాలు. డాక్టరుకి పదకొండు వందలు, వాయిదాల్లో.
అది పోయాక కూడా
వాయిదాలు ఏడు నెలలు బతికాయి."

పేరు తీయించుకోవాలంటే వైద్యుడి కాగితం కావాలి,
ఒక ఫారం నింపాలి,
మెడలో బిళ్ళ తిరిగి ఇచ్చెయ్యాలి.
కాగితం ఉంది. ఫారం నింపి ఉంది, తేదీతో సహా.
"బిళ్ళ దగ్గర ఆగిపోయాను," అన్నాడు,
చొక్కా జేబులోంచి తీసి.
గుండ్రటి రేకు. ఎర్ర రంగు పోయి
అంకె మాత్రం మిగిలింది: 2209.
"సిగరెట్లు మానేశాను. ఆ డబ్బే ఇది."

యంత్రంలో నాకు మూడు గళ్ళు.
కుక్క ఉంది, పన్ను కడుతున్నారు.
కుక్క ఉంది, పన్ను ఎగ్గొట్టారు.
కుక్క లేదు, పన్ను లేదు.
నాలుగో గడి అవసరమని ఎవరికీ తోచలేదు.
ఆఫీసుకి ఫోను చేశాను. అవతలి గొంతు కాసేపు ఆగి
"రెండేళ్ళది వెనక్కి ఇవ్వచ్చు,
అర్జీ పెట్టుకోమనండి" అంది.
ఆయన అడ్డంగా తల ఊపాడు,
రెండో కప్పు కాఫీ వద్దన్నట్టు.

"వచ్చే ఏడాది నుంచి నూట ఎనిమిదటగా?"
"అవునండీ. కౌన్సిల్లో తీర్మానం అయిపోయింది."
"అన్నీ పెరుగుతున్నాయి," అంటూ
బిళ్ళని జేబులో వేసుకున్నాడు.
లోపల ఇంటి తాళంచెవికి తగిలి
అది చిన్నగా మోగింది.

మొరిగితే ఒకటని మా నియమం.
మోగితే ఎంతో శిక్షణలో చెప్పలేదు.
మొదటి గడి నొక్కి
మెట్లు దిగాను.

కింది అంతస్తులో ఎవరింట్లోనో
టీవీ హఠాత్తుగా పెద్దదైంది.