మూపురానికి వదిలిన చోటు

మల్కాపురంలో తెల్లగా ఉండటం
రోజూ చెయ్యాల్సిన పని.
పొద్దున్న ఆరేసిన పంచె సాయంత్రానికి బూడిదరంగు.
కిటికీ ఊచ మీద వేలు పెడితే
వేలికి కాటుక.
అలాంటి చోట దేముడమ్మ
ఒంగోలు గిత్తను పెంచుతోంది.
పేరు కప్పురం.

"ఎల్లాజీ, కశింకోట పోటీకి ఇరవై రోజులే ఉన్నాది.
గేదెల్ని కడిగినట్టు దీన్ని కడగలేను.
ఒక్క చెంబు ఒంపితే సందు చివరిదాకా లాక్కెళిపోతాది.
ఓడలకి అతుకులేసినోడివి,
దీనికో కడుగుడు బోను కట్టలేవేటి?"

బోను అనకు, అన్నాను.
బోనంటే మూసేది.
నేను కట్టేది నిలబెట్టేది.

ఆటోనగర్ తుక్కులో రెండంగుళాల పైపులు
కాటా వేయించి కొన్నాను.
తుప్పు గీకితే లోపల ఇంకా ఇనుము మిగిలినవే ఏరాను.
టేపు పట్టుకుని దగ్గరికి వెళితే
గిత్త టేపు చివర నాకింది.
ఓడరేకు ఎప్పుడూ అలా చెయ్యలేదు.

పొడవు ఎనిమిదడుగులు, వెడల్పు రెండున్నర.
సాయంత్రం మళ్లీ కొలిస్తే వెడల్పు పెరిగింది.
ఊపిరి తీసుకుంటోంది మరి.
ఇరవై ఆరేళ్ల పనిలో
ఊపిరి కోసం కొలత వదలడం ఇదే మొదలు.
నాలుగు వేళ్లు కలిపాను.

నేల సంగతి గవిరేసు మేస్త్రి చూశాడు.
నున్నగా పోస్తే గిట్ట జారుతుంది,
మరీ గరుకైతే గిట్ట అరుగుతుంది.
పచ్చి కాంక్రీటు మీద కొబ్బరి చీపురు అడ్డంగా లాగి
"దువ్వెన గీతల్లాగుండాలి, గోతుల్లాగ కాదు" అన్నాడు.
నీళ్ల గొట్టంతో మట్టం చూసుకుని
అడుగుకి పావంగుళం వాలు,
ముందునుంచి వెనక్కి,
వెనకనుంచి దేముడమ్మ బచ్చలి మడికి.
నిలబడే చోట పరిచిన రబ్బరు
పోర్టు వేలంలో దొరికిన కన్వేయర్ బెల్టు ముక్క,
బొగ్గు మోసి మోసి అరిగినది.
దాని గురించి నేనేమీ అనలేదు.
గవిరేసు మాత్రం చాలాసేపు నవ్వాడు.

పందొమ్మిదో రోజు.
ఐదింటికి కుళాయి వచ్చింది.
అరచేతిలో తవుడు చూపిస్తూ
దేముడమ్మ లోపలికి పిలిచింది.
కప్పురం తల పెట్టింది.
మెడ పెట్టింది.
ఆగింది.
పైన గొట్టం తగిలించడానికి వేసిన అడ్డకమ్మీ
మూపురానికి ఆనింది.

వీపు కొలిచాను. మూపురం కొలవలేదు.
కొండను మరిచిపోయి రోడ్డు గీసినవాణ్ని.

గిత్త రంకె వెయ్యలేదు, కుమ్మలేదు.
కాసేపు నా వైపు చూసి
ఒక్కో అడుగే వెనక్కి వేసింది,
సరిచేసుకో అన్నట్టు.
కట్టర్‌తో కమ్మీ కోశాను.
రవ్వలు బచ్చలి ఆకుల మీద పడి చుయ్యిమన్నాయి.
కోసిన ముక్కను విల్లులా వంచి
జానెడు ఎత్తున మళ్లీ అతికాను.
ఆరింటికి కుళాయి ఆగిపోతుంది.
ఐదూ నలభైకి అతుకు చల్లారింది.

ఇరవై నిమిషాల నీళ్లు.
మొదటి బకెట్టు నల్లగా దిగింది,
తర్వాతది టీ రంగులో,
ఆ తర్వాత కుంకుడు నురగ.
మూపురం వెనక మడత విప్పి తోముతూ
"ఇక్కడ మాత్రం ఎప్పుడూ తెలుపేరా" అంది దేముడమ్మ,
దాచుకున్న నోటు చూపించినంత మెల్లగా.

కశింకోటలో పళ్లు చూశారు, నడక చూశారు,
గంగడోలు చేత్తో ఎత్తి చూశారు.
మూడో బహుమతి.
ఓ శాలువా, ఓ ప్లాస్టిక్ బకెట్టు.
బకెట్టు పనికొచ్చింది.

ఇప్పుడు రాత్రి షిఫ్టు దిగి
ఇంటికి వెళ్లేముందు అటు తిరుగుతాను.
కమ్మీ కింద వంగక్కర్లేదు,
మూపురానికి వదిలిన చోట
నా తల సరిగ్గా పడుతుంది.
బెల్టు మీద నిలబడి గొట్టం విప్పుతాను.
నా మెడ మీంచి, చెవుల్లోంచి
అదే నలుపు, అదే వాలు, అదే బచ్చలి మడి.

బయట కప్పురం నెమరేస్తూ చూస్తుంటుంది.
కుళాయి ఆగేలోగా
తన వంతు వస్తుందో రాదో అని.