సగం దూడ

తిరుపతి లాడ్జీల వాళ్ళు అడిగేది ఒకటే:
పుంగనూరు ఆవు, గూట్లో పెట్టుకునేంతది,
వెనక కొండ, కొండ మీద కాస్త కాషాయం.
ఫోటో వాళ్ళే పంపిస్తారు.
పన్నెండేళ్ళుగా చిత్తూరు గిరింపేటలో
ఫోన్‌ను రంగుడబ్బా మూతకు ఆనించి
ఎన్నడూ ముట్టుకోని ఆవులకు రంగులేస్తున్నాను.

జెర్సీ ఆవును గీయమని
ఎవరూ రాలేదు, రెడ్డెమ్మ దాకా.

బంగారుపాళ్యం బస్సు దిగి వచ్చి
కొంగు ముడిలోంచి ఫోన్ తీసింది.
అద్దం పగిలింది. పగులు సరిగ్గా
ఆవు వెన్ను మీదుగా పోతోంది.
"ఇన్సూరెన్సోళ్ళ కోసరం తీసింది నాయినా,
ఇంకోటి లేదు."

అది అలాంటి ఫోటోనే.
నేరం ఒప్పుకున్నట్టు పక్కకు తిరిగి నిలబడిన ఆవు.
ఎవరిదో చెయ్యి, మోచేతి దాకానే,
చెవి మెలిపెట్టి పచ్చబిళ్ళ చూపిస్తోంది.
తిరగేసిన బకెట్టు. చెనక్కట్టె.
దాని మీద, ఫోటో తీసిన మనిషి నీడ.
అంచున ఒక దూడ, సగమే:
తల, మెడ, ముందుకాళ్ళు రెండు.
మిగతాది ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఆర్నెల్లకు ఒళ్ళంతా గడ్డలొచ్చాయట.
డబ్బులొచ్చాయా అన్నాను.
"కొన్ని."

ఫోన్ కెమెరా ఎరుపును నారింజ చేస్తుంది,
నీడలో ఉన్నదాన్నంతా ఒకే నలుపులో కుక్కి
చేతులు దులుపుకుంటుంది.
అసలు రంగేమిటని అడిగితే
"బెల్లం పాకం దించబోయే ముందు
పెనం అంచుల్లో ఉంటాదే, అది."
ఓకరూ ఎరుపూ కలిపి అట్టముక్క మీద పూసి చూపించాను.
"ఇంకొంచిం కాగనీ" అంది.

కాగనిచ్చాను.
ఆ చెయ్యి తీసేశాను. బిళ్ళ తీసేశాను.
చెవి నిక్కబొడిచాను, ఆకులా.
లాడ్జీ ఆవులకు చేసేదదే:
కరెంటు తీగ, నీలం డ్రమ్ము, ముక్కుతాడు పుండు
తుడిచేసి తామరపూలు పెట్టడం.

తొమ్మిదోనాడు వచ్చి నిలబడింది.
చాలాసేపు చూసింది.
"బాగుండాది. మాది కాదు."
ఇంకాసేపాగి,
"దానికి కమ్మ యాడ?"

కమ్మ బరువుకు ఆ చెవి వాలుండేదట.
ఈగ ముసిరితే రెండోదే ముందు కదిలేదట.
చెప్తూ చెప్తూ తన చెవి తడుముకుంది.
తూట్లో చీపురు పుల్ల.
నేను కుంచె కడుక్కున్నాను,
కడిగిన కుంచెనే మళ్ళీ.

చెవి దించాను.
బిళ్ళకు పసుపు పూశాక, అంకెల కోసం
ఫోటోను వేళ్ళతో సాగదీస్తే
అంకెలు పోయి గళ్ళు మిగిలాయి.
ఆమె గోడ వైపు చూస్తూనే చెప్పింది, పన్నెండూ,
పాలకేంద్రంలో లీటర్లు చెప్పినట్టు.
నేను ఒక్కొక్కటీ రాసుకుంటూ పోయాను.

"ఈ నీడ?"
"నాదే. ఉండనీ."

"దూడను తీసేద్దామా మరి? సగమే ఉంది."
"తీసేసేదెందుకు? మిగిలింది ఇంట్లోనే ఉండాదిలే,
వచ్చి చూసుకోని గీయి."

నిన్న పోయాను.
కొట్టంలో ఉన్నది దూడ కాదు, చూలు పెయ్య.
ఫోటో ఆగిన చోటి నుంచి
చెప్పకుండా ఇంత దూరం వచ్చేసింది.
ఈ వెనక సగం ఆ ముందు సగానికి
ఎట్లా అతికించినా అతకదు.

చెయ్యి చాపాను.
నాలుక బయటికొచ్చింది, గరుగ్గా ఒకసారి తగిలి
టర్పెంటైన్ వాసనకు లోపలికి పోయింది.
రెడ్డెమ్మ నవ్వి చెంబు తెచ్చింది.
"ముందు చేతులు కడుక్కో.
తవుడు పట్టుకో. అప్పుడొస్తాది."

కడుక్కున్నాను.
గోళ్ళ సందుల్లో కాగిన బెల్లం రంగు
పూర్తిగా పోలేదు.
తవుడు పట్టుకుని నిలబడ్డాను.
సంచిలోంచి కాగితం ఇంకా తియ్యలేదు.