రాతలున్నయ్, పది రూపాయలే

ఆబిడ్స్‌ల ఆదివారం, మూసిన షట్టర్ల ముంగట
పరదా మీద బోర్ల పడ్డ పుస్తకాలల్ల
ముప్పై రూపాయలకు దొరికింది.
అట్ట మీద మంచు. మంచుల ఒక పిల్ల.
ఆ ఊరి బడిల ఎవరిది వాళ్లకు ఇనుప అల్మారా ఉంటదట,
దాని తలుపు చాటుకు పోయి ఏడుస్తదా పిల్ల.
మా కాలేజీల ఏడ్వనీకె తలుపు లేదు.
నారాయణగూడల నాలుగో అంతస్తు,
మార్కులను బట్టి సెక్షన్లు,
సెక్షన్లను బట్టి ఫ్యాన్లు.

నా పేరు యాదేశ్వరి.
గుట్టకు మొక్కితె పుట్టిన్నని నాయనమ్మ పెట్టింది.
హాజరు పిలిచే ప్రతి పొద్దూ
వెనక బెంచీల ఎవరో ఒకరు
"యాదవ్వా..." అని దీర్ఘం తీస్తరు.
యాషి అని పిలువుండ్రి అని బతిమిలాడిన.
వారం రోజులు పిలిచిండ్రు.
ఎనిమిదో రోజు
మా బాపు నీళ్ల ట్యాంకర్ కాలేజీకే వచ్చింది.
సంపుల పైపు దించుకుంట బాపు పైకి చూసి
"బిడ్డా, యాదీ!" అని చెయ్యి ఊపిండు.
నేను కిటికీ కాడికెల్లి పక్కకు జరిగిన.
ఆ జరిగిన జానెడు జాగ
ఇంకా నిండలే.

ముప్పై నాలుగో పేజీల
బడి క్యాంటీన్ల గిన్నెలు తోమే తల్లిని చూసి
మంచు పిల్ల తల తిప్పుకుంటది.
ఆ ఇంగ్లీషు పక్కన తెలుగుల, పెన్సిలుతోని:
"నేను గూడ గిట్లనే చేసిన."

తలకట్లు లేని అక్షరాలు,
టోపీ లేకుంట వానల ఉరికే పోరగాళ్ల లెక్క.
ఎనభయ్యో పేజీల ముద్దు కాడ
"గింత జల్దీనా?" అని రాసి ఉంటె
లోకల్ రైల్ల ఒక్కదాన్నే నవ్విన.
ఎదురు సీటు ఖాలా "క్యా హువా బేటా" అన్నది.
ఏం చెప్పాలె.

ఆ రాత కోసం యాడాడ చూసిన్నో!
లైబ్రరీ రిజిస్టర్ల,
బస్సు సీట్ల వెనక బాణం గుచ్చిన గుండెల పక్కన,
కాచిగూడ స్టేషన్ గోడల మీద.
పిలగాడో, పిల్లనో,
ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లో, తెల్వదు.
నేను ఎవరితోని చెప్పకముందే
నాకు జవాబు రాసి పెట్టిన మనిషి.

ఆఖరి పేజీలు లెవ్వు.
అట్ట లోపల ఆ తలకట్లు లేని రాతే:
"చివరికి బడి మొత్తం ఆమెకు చప్పట్లు కొడతది.
నాకు నచ్చలే. చింపిన."

బేస్తారం మళ్లా ట్యాంకర్ వచ్చింది.
ఈసారి కిటికీల నిలబడ్డ,
మెడ సాపి, పక్కన ఎవరున్నరో చూసుకోకుంట.
బాపు పైకి చూడలే.
పైపు చుట్టుకోని పోయిండు.

ఆ రాత్రి ఉప్పుగూడల, కరెంటు పోయినంక,
ఫోను లైటు కింద పెన్సిలు చెక్కి రాసిన:
"మంచిగ చేసినవ్. నా బాపు గూడ పైకి చూడలే."
కింద నా పేరు,
మొత్తం పేరు,
ఒక్క తలకట్టు గూడ ఇడువకుంట.

ఆదివారం తీస్కపోతె
పరదా తాత పేజీలు తిరగేసి పెదవి ఇరిచిండు.
"రాతలున్నయమ్మా, పది రూపాయలే."
"ముప్పైకి నువ్వే అమ్మినవ్ గద తాతా,
అప్పుడు గూడ రాతలుండె."

"అప్పుడు ఒక్కరియే ఉండె."